సూది ఒకరిది, సంతకం ఇంకొకరిది: విశాఖలో ఒక మెడికల్ వార్డు కేసు

విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో రాత్రి డ్యూటీలో జరిగిన ఘటన ఇది: ఒక వార్డ్ అసిస్టెంటు పేషెంటుకి సెలైన్ లైన్ పెట్టాడు, దగ్గర లేని నర్సు సంతకం పెట్టింది. నర్సింగ్ వైపు నుంచి విచారించి రిపోర్టు ఇవ్వమని మేనేజ్‌మెంట్ నన్ను అడిగింది. నేను నర్సింగ్ ట్రైనింగ్, క్వాలిటీ పనులు చూస్తాను, ఆ ఆసుపత్రి ఉద్యోగిని కాదు. పేషెంటు కుటుంబం, స్టాఫ్, మేనేజ్‌మెంట్ ముగ్గురూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. జరిగిన తీరు మాత్రం ఇదే.

నేపథ్యం

ఆగస్టు నుంచి నవంబరు దాకా విశాఖ ఆసుపత్రుల్లో పరిస్థితి ఎలా ఉంటుందో ఇక్కడ పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. డెంగీ, మలేరియా, టైఫాయిడ్. పాడేరు, అరకు వైపు నుంచి కొందరు, విజయనగరం, శ్రీకాకుళం నుంచి ఇంకొందరు. ఖాళీ మంచం ఉండదు, ప్రతి మంచం పక్కనా సెలైన్ స్టాండు ఉంటుంది. సరిగ్గా ఈ సీజన్‌లోనే స్టాఫ్ నర్సులు మానేస్తుంటారు. ఒకరికి గవర్నమెంటు కాంట్రాక్టు పోస్టు వస్తుంది, ఇంకొకరికి గల్ఫ్ వీసా వస్తుంది. వాళ్ళ స్థానంలో జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా అప్పుడే పూర్తి చేసిన అమ్మాయిలు చేరతారు.

ఈ వార్డులో 26 పడకలు. రాత్రి ఇద్దరు స్టాఫ్ నర్సులు, ఒక వార్డ్ అసిస్టెంట్. జనరల్ వార్డులో ఆరుగురు పేషెంట్లకి ఒక నర్సు అని మనం చెప్పుకునే లెక్క ప్రకారం కనీసం నలుగురు ఉండాలి. లేరు. దానికి మేనేజ్‌మెంట్ కనిపెట్టిన మందు ఒక సర్క్యులర్. ఐవీ లైన్లు పెట్టిన అనుభవం ఉన్న సీనియర్ వార్డ్ అసిస్టెంట్లు స్టాఫ్ నర్సు పర్యవేక్షణలో క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టవచ్చని, కేస్ షీట్‌లో నర్సు సంతకం మాత్రం తప్పనిసరి అని అందులో ఉంది.

మొత్తం ఒక పేరా. అనుభవం అంటే ఎంత, దాన్ని ఎవరు పరీక్షించాలి, ఏ పేషెంటుకి అసిస్టెంటు చేత పెట్టించకూడదు, పర్యవేక్షణ అంటే మంచం పక్కన నిలబడటమా లేక అదే ఫ్లోర్‌లో ఎక్కడో ఒకచోట ఉండటమా, ఇవేవీ లేవు. సంతకం సంగతి మాత్రం బోల్డ్ అక్షరాల్లో ఉంది.

పేషెంటు

యాభై దాటిన మహిళ, పలాస దగ్గర ఊరు. జీడి పిక్కల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేశారు. షుగర్ లేదు, మొదట్లో బీపీ కూడా లేదు. అయినా కిడ్నీలు పాడయ్యాయి. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం గురించి తెలిసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ ప్రారంభమయ్యాయి. అంతకు ముందు నుంచీ విశాఖలో చూపించుకుంటున్న ఈవిడ లాంటివాళ్ళు పాత డాక్టర్ల దగ్గరికే వస్తుంటారు.

ఈవిడకి డయాలిసిస్ ఇంకా మొదలుకాలేదు. కొన్ని నెలల్లో అవసరమవుతుందని నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, ముందే చెప్పి, ఎడమ చేతికి ఫిస్టులా చేయించుకోమన్నారు. మణికట్టు దగ్గర ధమనిని, పక్కనున్న సిరని కలిపి కుట్టే చిన్న ఆపరేషన్ అది. ధమని ఒత్తిడికి సిర కొన్ని వారాల్లో లావై, గోడ గట్టిపడి, వారానికి రెండు మూడుసార్లు పెద్ద సూదులు గుచ్చినా తట్టుకునేలా తయారవుతుంది. 1966లో ఈ పద్ధతి వెలుగులోకి వచ్చినప్పటి నుంచీ డయాలిసిస్ పేషెంటుకి దీన్ని మించిన దారి రాలేదు. ఇది లేకపోతే మెడలో పెట్టే క్యాథెటర్ అనే గొట్టానికి ఇన్ఫెక్షన్ భయం ఎప్పుడూ ఉంటుంది. అందుకే కిడ్నీ జబ్బు ముదురుతున్న పేషెంటుకి ముంజేతి నరాలను, అంటే ఈ సిరలనే, ముట్టుకోకూడదు. లైన్ తప్పనిసరైతే అరచేతి వెనక పెట్టాలి, అదీ వీలైనంత వరకు రెండో చేతికి.

ఈసారి ఆవిడ వచ్చింది జ్వరం, వాంతులు, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో. క్యాజువాల్టీలో నర్సు కుడి చేతి వెనక నీలం రంగు క్యాన్యులా, అంటే 22 గేజ్ లావుది, పెట్టింది. అది సరైన పని. నెఫ్రాలజిస్టు నోట్‌లో ఒక లైను ఉంది: ఎడమ చేతికి సూదులు వద్దు, బీపీ చూడొద్దు. ఇంగ్లీషులో, మూడో పేజీలో, మందుల లిస్టు కింద రాశారు. చేతికి బ్యాండు లేదు. మంచం దగ్గర బోర్డు లేదు. క్యాజువాల్టీ నుంచి వార్డుకి మార్చేటప్పుడు నోటితో చెప్పిన హ్యాండోవర్‌లో ఆ మాట జారిపోయింది.

ఆ రాత్రి

రెండో రోజు రాత్రి రెండు గంటలు దాటాక ఆరో నంబరు బెడ్‌లోని డెంగీ కుర్రాడికి బీపీలో పై అంకె, కింది అంకె దగ్గరపడటం మొదలైంది. డెంగీ చూసినవాళ్ళకి ఇది టెన్షన్ పెట్టే గుర్తు. ఆ తేడా 20కి వచ్చిందంటే షాక్ కిందే లెక్క. సీనియర్ నర్సు అక్కడే ఉండిపోయింది. రెండో నర్సు ఆయాసంతో ఉన్న ఇంకో పేషెంటుతో ఐసీయూకి వెళ్ళింది. అప్పుడు పద్నాలుగో నంబరు నుంచి కూతురు వచ్చి, అమ్మ చెయ్యి ఉబ్బిపోయింది సిస్టర్ అని చెప్పింది.

నర్సు ఆరో నంబరు దగ్గర నుంచే అసిస్టెంటుని పిలిచింది. "తమ్ముడూ, పద్నాలుగులో లైన్ పోయింది. చూసి పెట్టేయ్, నేను వచ్చి సంతకం పెడతాను."

అతను వెళ్ళాడు. పాత క్యాన్యులా తీశాడు. కుడి చెయ్యి వాచి ఉంది, నరం కనిపించడం లేదు. ఎడమ చేతికి టోర్నికెట్ కట్టాడు. మణికట్టుకి కాస్త పైన, బొటనవేలి వైపు, నిటారుగా లావుపాటి నరం దొరికింది. గులాబీ రంగు 20 గేజ్ తీసుకుని ఒక్క గుచ్చుతో పెట్టేశాడు. పేషెంటు ఒకసారి అడ్డం చెప్పింది. "ఆ సెయ్యొద్దన్నారు బాబూ, డాక్టరుగారు."

"కుడి చెయ్యి వాచిపోయింది కదమ్మా, ఇంకెక్కడ పెట్టను? ఒక్క సూదే, ఇట్టే అయిపోతుంది."

ఈ సంభాషణ నాకు కూతురు చెప్పింది, అసిస్టెంటు కూడా కాదనలేదు. "ఒక్కసారికే దొరికిందని సంతోషపడ్డాం మేడమ్" అందామె.

రెండు రోజులకి ఆ నరం వెంబడి ఎర్రబడింది, నొప్పి, చర్మం కింద తాడులా గట్టిగా తగులుతోంది. ఫ్లెబైటిస్ (నరం వాపు) స్కోరు 0 నుంచి 5 వరకు ఉంటుంది, రెండుకే లైన్ తీసి ఇంకోచోట పెట్టాలి. ఉదయం డ్యూటీ సిస్టర్ చూసేసరికి ఈవిడకి నాలుగు. డాప్లర్ స్కాన్‌లో ముంజేతి సెఫాలిక్ సిరలో రక్తం గడ్డ కనిపించింది. ఫిస్టులా కోసం దాచుకున్న నరం అదే.

ప్రాణాపాయం లేదు. ఇన్ఫెక్షన్ తగ్గి ఆవిడ ఇంటికి వెళ్ళారు. కానీ మణికట్టు దగ్గర చేయాల్సిన ఫిస్టులా అక్కడ కుదరదని, మోచేతి దగ్గరికి వెళ్ళాలని సర్జన్ తేల్చారు. ఫిస్టులా చోట్లను కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా వాడుకుంటూ వెళ్తారు. పదిహేనేళ్ళు డయాలిసిస్ చేయించుకోవాల్సిన మనిషికి మొదటి మెట్టే పోవడం చిన్న నష్టం కాదు. కేస్ షీట్‌లో అది "ఫ్లెబైటిస్, లైన్ తీసివేయబడింది" అని ఒక్క లైనులో ముగిసింది. కూతురు గట్టిగా అడగకపోయి ఉంటే విచారణే జరిగేది కాదు.

కాగితాలు

విచారణలో మనుషులకంటే ముందు కాగితాలు చూడటం నా అలవాటు. పద్నాలుగో నంబరు షీట్‌లో 2:40కి ఎంట్రీ ఉంది: ఎడమ ముంజేతికి కొత్త లైన్, 20 గేజ్, నర్సు పర్యవేక్షణలో, కింద సంతకం. ఆరో నంబరు చార్టు తెప్పించాను. 2:30, 2:40, 2:50, 3:00. పది నిమిషాలకోసారి బీపీ, పల్స్, అన్నీ అదే చేతిరాత.

నర్సుని పిలిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. ఆమె దబాయించలేదు. "రెండు చోట్లా ఉండలేను కదా మేడమ్. సర్క్యులర్‌లో సంతకం పెట్టమన్నారు, పెట్టాను" అంది. ఆ రాత్రి డెంగీ కుర్రాణ్ణి వదిలి పద్నాలుగుకి వెళ్ళి ఉంటే ఇంకో విచారణ జరిగేదేమో. ఆరో నంబరు దగ్గర ఆమె చేసిన పనిని నేను రిపోర్టులో మెచ్చుకున్నాను. 2:40 నాటి సంతకం అబద్ధం అని కూడా రాశాను. రెండూ నిజమే.

ఇంకో సంగతి. 2:40 తర్వాత ఆ లైన్ ఉన్న చోటు ఎలా ఉందో ఎక్కడా రాయలేదు. స్కోరు గడులు ఖాళీ. ఇది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. లైన్ మనం పెడితే అది మన బుర్రలో ఉంటుంది. అటు వెళ్ళినప్పుడల్లా ఒకసారి చూస్తాం, డ్యూటీ దిగేటప్పుడు పక్కవాళ్ళకి చెప్తాం. ఇక్కడ సంతకం పెట్టిన నర్సు ఆ చోటు చూడనే లేదు. పెట్టినతనికి చూసే బాధ్యత ఎవరూ ఇవ్వలేదు, పైగా మర్నాడు అతని వీక్లీ ఆఫ్. చెయ్యి మంట అని కూతురు ఒక ఆయమ్మకి చెప్తే, బ్రదర్ రేపొస్తాడు అని జవాబు వచ్చింది.

అతని చెయ్యి మంచిది

ఇలాంటి కేసుల్లో అసిస్టెంటుని చేతకానివాడిగా చూపించడం సులువు. ఈ కేసులో అది కుదరదు. ఇంటర్ తర్వాత అనకాపల్లిలో ఒక చిన్న నర్సింగ్ హోంలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. అక్కడ ఇంజెక్షన్లు, సెలైన్లు, కుట్లు విప్పడం అన్నీ అతనే. తర్వాత కొన్ని నెలల జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చేసి, మ్యాన్‌పవర్ ఏజెన్సీ ద్వారా ఇక్కడ చేరాడు. "నేను పెట్టిన లైన్ ఫెయిలైందని ఎవరైనా అన్నారేమో అడగండి మేడమ్" అన్నాడు నాతో. అడిగాను. ఎవరూ అనలేదు. పిల్లల డాక్టరు కూడా కష్టమైన కేసుకి అతన్నే పిలిపిస్తారట. కొత్తగా చేరిన జీఎన్ఎం అమ్మాయిల కంటే అతని చెయ్యి నిస్సందేహంగా మెరుగు.

ఆ రాత్రి కూడా చేత్తో చేయాల్సిన పనిలో అతను తప్పేమీ చేయలేదు. నరం ఎంచుకోవడం, ఒక్క గుచ్చుతో దొరకడం, స్టిక్కర్ మీద తేదీ, గేజ్ రాయడం, అన్నీ బాగానే ఉన్నాయి. ఏ నరం గుచ్చడానికి బాగుందో అతను అందరికంటే ముందు చెప్పగలడు. ఏ నరాన్ని వదిలేయాలో చెప్పాలంటే కేస్ షీట్ చదవాలి, కిడ్నీ పేషెంటు అంటే ఏమిటో తెలియాలి, "ఆ సెయ్యొద్దన్నారు" అనే మాట వినగానే చెయ్యి ఆగిపోవాలి. ఫైలు చదవడం అతని పని కాదు, ఎవరూ చదవమనలేదు. పేషెంటు మాట అతనికి భయంతో చెప్పే సాకులా వినిపించింది. వార్డులో రోజూ ఎవరో ఒకరు ఈ చెయ్యి వద్దు, ఆ చెయ్యి వద్దు అంటూనే ఉంటారు మరి.

అలసిపోయిన రిజిస్టర్డ్ నర్సు అయితే ఎడమ చేతికి పెట్టదా అని ఆసుపత్రి ఎండీ గారు నన్నడిగారు. పెట్టొచ్చు. నోట్ మూడో పేజీలో దాక్కుని ఉన్నంత కాలం ఎవరైనా పెట్టొచ్చు. అది ఆసుపత్రి సరిచేసుకోవాల్సిన ఇంకో లోపం. కానీ నర్సు పెడితే ఎందుకు పెట్టావు అని అడగడానికి ఒక చదువు, ఒక రిజిస్ట్రేషన్, ఒక కౌన్సిల్ ఉన్నాయి. అతన్ని అలా అడగడానికి ఏమీ లేవు. తీసేయడానికి అతని పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

పర్యవేక్షణకి పట్టే టైము

సర్క్యులర్ వెనక ఉన్న ఆలోచన నర్సు టైము మిగల్చడం. ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. లైన్ పెట్టడం అంటే ఫైలు చూడటం, పేషెంటుని అడగడం, చేతులు కడగడం, టోర్నికెట్ కట్టి నరం వెతకడం, క్లోర్‌హెక్సిడిన్‌తో ముప్పై సెకన్లు రుద్ది ఆరనివ్వడం, గుచ్చడం, సెలైన్‌తో ఫ్లష్ చేసి వాపు వస్తోందేమో చూడటం, డ్రెస్సింగ్, రాత. పది నిమిషాలకి తక్కువ కాదు. వీటిలో గుచ్చడానికి పట్టేది ఒక నిమిషం.

నర్సు నిజంగా పర్యవేక్షించాలంటే మిగతా తొమ్మిది నిమిషాలూ ఆమె అక్కడ ఉండాల్సిందే, ఆ ఒక్క నిమిషం కూడా పక్కనే నిలబడాల్సిందే. అప్పుడు మిగిలింది ఏమిటి? ఏమీ మిగల్లేదు, పైగా ఇద్దరి టైము పోయింది. టైము మిగిలిందంటే ఆమె అక్కడ లేదన్నమాట. నేను చూసిన షీట్లలో ఈ సర్క్యులర్ కింద సంతకాలన్నీ రెండో రకమే. దీనికి నర్సుల్ని తిట్టి లాభం లేదు. అక్కడ ఉండే తీరికే ఉంటే ఆ లైన్ ఆమే పెట్టేది.

కిందివాళ్ళకి పని అప్పగించడమే తప్పని నేను అనను. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి, నర్సుల సంఘం కలిసి 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఐదు ప్రశ్నలుంటాయి: ఈ పని అప్పగించదగ్గదేనా, ఈ పేషెంటు పరిస్థితిలో అప్పగించొచ్చా, ఈ మనిషికేనా, సరిగ్గా చెప్పామా, చూస్తున్నామా. నర్సు విచక్షణ అవసరమయ్యే పనిని అప్పగించకూడదని కూడా అందులో స్పష్టంగా ఉంది. అక్కడ ఏ రాష్ట్రం రూల్స్ ఆ రాష్ట్రానివి. ఇంగ్లండులో అయితే హెల్త్‌కేర్ అసిస్టెంట్లు రక్తం తీస్తారు, క్యాన్యులాలు కూడా పెడతారు. మన ఎండీ గారు ఎత్తి చూపిన ఉదాహరణ అదే. నిజమే. కానీ అక్కడ ఆ పనికి విడిగా ట్రైనింగ్ ఉంటుంది, బొమ్మ చేతి మీద నేర్చుకుని, పక్కన ఒకరు నిలబడి చూస్తుండగా పేషెంట్లకి పెట్టి, పాసయ్యాకే ఒంటరిగా వదులుతారు. ఆసుపత్రి రాతపూర్వకంగా ఆ పని వాళ్ళకి ఇస్తుంది, ఏ పేషెంటుకి పెట్టకూడదో కూడా రాస్తుంది. మనం అక్కడి నుంచి మనకి చవగ్గా వచ్చే భాగం ఒక్కటే తెచ్చుకున్నాం.

మన చట్టం సంగతి పొడుగ్గా చెప్పను. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం నుంచి 2023లో పార్లమెంటు ఆమోదించిన నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం దాకా మూలం ఒకటే: ఈ వృత్తి రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళది. 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టం టెక్నీషియన్లు తదితరులకు గుర్తింపు ఇచ్చింది గానీ, అందులోకి రావాలంటే కనీసం రెండేళ్ళలో 2,000 గంటల చదువు ఉండాలి. కొన్ని నెలల కోర్సుతో రాలేరు. ఇక డబ్బు తీసుకుని వైద్యం చేసే ఆసుపత్రులు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఈ కుటుంబం కోర్టుకి వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే ఆ 2:40 సంతకం, ఆరో నంబరు చార్టు పక్కపక్కనే బల్ల మీద ఉండేవి. సర్క్యులర్ రాసినవాళ్ళ పేరు మాత్రం ఆ రెండింటి మీదా లేదు.

విచారణలో బయటపడ్డ మరో రెండు విషయాలు

మొదటిది అసిస్టెంటు గురించే. అతనికి హెపటైటిస్ బి టీకా వేయలేదు. ఏజెన్సీ ఉద్యోగి కాబట్టి ఆసుపత్రి టీకాల లిస్టులో లేడు, ఏజెన్సీ దృష్టిలో అతను మంచాలు తోసే మనిషి కాబట్టి వాళ్ళూ వేయించలేదు. వాడిన సూది గుచ్చుకుంటే ఏం చేయాలో తెలుసా అని అడిగితే, స్పిరిట్‌తో గట్టిగా పిండి కడుక్కుంటానన్నాడు. పిండకూడదు, స్పిరిట్ పోయకూడదు. సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే రిపోర్టు చేయాలి. హెచ్ఐవీ నివారణ మందులు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. రోజూ సూదులు పట్టుకునే మనిషికి ఇది ఎవరూ చెప్పలేదు. పేషెంటు భద్రత గురించి గంట మాట్లాడిన మీటింగులో ఇతని భద్రత గురించి మాట్లాడింది ఐదు నిమిషాలు. అదీ నేను ఎత్తితేనే.

రెండోది కొత్త నర్సుల గురించి. సర్క్యులర్ వచ్చాక చేరిన అమ్మాయిలకి లైన్ పెట్టడం దాదాపు రాదు. కాలేజీలో చూశారు, కొద్దిగా చేశారు. వార్డుకొచ్చాక బ్రదర్ ఉన్నాడు కదా అని ఎవరూ చేయనివ్వలేదు, వాళ్ళూ ముందుకు రాలేదు. ఒకమ్మాయి, "నేను రెండుసార్లు గుచ్చినా దొరక్కపోతే పేషెంటు తరఫు అటెండర్లు అరుస్తారు మేడమ్, అన్న అయితే ఒక్కసారికే పెట్టేస్తాడు" అంది. రాత్రి ఆ అన్న సెలవులో ఉంటే వార్డు గతి ఏమిటో ఊహించుకోవచ్చు. తనకే చేతకాని పనిని పర్యవేక్షిస్తున్నట్టు ఆమె సంతకాలు పెడుతోంది. ఈ మొత్తం కేసులో నాకు ఎక్కువ భయం వేసింది ఇక్కడే.

ఏం మార్చాం

సర్క్యులర్ వెనక్కి తీసుకున్నారు. అది తేలిగ్గానే అయింది, ఎందుకంటే లాయరు కూడా అదే చెప్పాడు. "సరే మేడమ్, రాత్రి రెండు గంటలకి లైన్ పోతే ఎవరు పెట్టాలి?" అని ఎండీ గారు అడిగిన ప్రశ్న మాత్రం తేలిక కాదు. దానికి జవాబు లేకుండా రూల్ ఒకటి గోడకి అంటిస్తే, నెల తిరక్కుండా అసిస్టెంటే మళ్ళీ పెడుతుంటాడు, ఈసారి సంతకం కూడా లేకుండా.

అందుకని ముందు అసలు ఎన్ని లైన్లు అవసరమో చూశాం. డ్యూటీ డాక్టరుతో కలిసి మంచం మంచానికీ తిరిగితే, ఇడ్లీ తిని కాఫీ తాగి టీవీ చూస్తున్న పేషెంట్ల చేతులకి కూడా క్యాన్యులాలు ఉన్నాయి. ఎప్పుడైనా అవసరం పడొచ్చని ఉంచేశారు. సెలైన్ ఎక్కించకపోతే వైద్యం చేసినట్టే కాదని మన జనం నమ్మకం, బిల్లు కట్టే అటెండరుతో వాదించే ఓపిక డాక్టరుకి ఉండదు. మాత్ర మింగగలిగినవాళ్ళకి మందులు నోటికి మార్చడం, అక్కర్లేని లైన్ ఆ రోజే తీసేయడం ఇప్పుడు ఉదయం రౌండ్స్‌లో భాగం. లైన్లు తగ్గితే రాత్రి పోయేవీ తగ్గుతాయి. పెద్దవాళ్ళలో మూడు నాలుగు రోజులకే మార్చాలన్న పాత అలవాటు మానేసి, చోటు బాగుంటే ఉంచడం, బాగోకపోతే గంట కూడా ఆగకుండా తీయడం మొదలుపెట్టాం.

సాయంత్రం నుంచి తెల్లవారే దాకా లైన్ల కోసమే ఒక రిజిస్టర్డ్ నర్సుని వేయించాం. ఆమెకి పడకలు ఉండవు. అన్ని ఫ్లోర్లూ తిరుగుతూ కష్టమైన లైన్లు పెడుతుంది, ఉన్నవాటి స్కోరు రాస్తుంది. ఒక మనిషి జీతం అదనం అని మేనేజ్‌మెంట్ గొణిగింది. ఈ పేషెంటు డాప్లర్, సర్జన్ ఫీజు, మాఫీ చేసిన బిల్లు పక్కన పెట్టి చూపిస్తే ఒప్పుకుంది. ఒక్కరు రెండుసార్ల కంటే ఎక్కువ గుచ్చకూడదు, అందరూ కలిసి నాలుగు దాటకూడదు, ఆ తర్వాత డాక్టరుని పిలవాల్సిందే. కొత్తమ్మాయిలకి బొమ్మ చెయ్యి కొనిపించాం. తర్వాత ఆ లైన్ నర్సు పక్కనే నిలబడి చూస్తుండగా నిజం పేషెంట్లకి పెడుతున్నారు.

కిడ్నీ పేషెంట్లకి కాపాడాల్సిన చేతికి గులాబీ బ్యాండు. మంచం తల దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు: "ఈ చేతికి సూది వద్దు, బీపీ వద్దు." ఇంగ్లీషులో ఉంటే హుందాగా ఉంటుందని ఎవరో అన్నారు. అయితే ఆయమ్మ చదవలేదు, పేషెంటు కూతురు చదవలేదు అన్నాను. క్యాజువాల్టీ హ్యాండోవర్ కాగితంలో దీనికో గడి పెట్టాం.

అసిస్టెంటు ఏం చేయవచ్చో ఈసారి వివరంగా రాశాం. ట్రే సర్దడం, చేతికి వేడి తువ్వాలు చుట్టడం, పిల్లల్ని పట్టుకోవడం, వాడిన సూదులు వేసే షార్ప్స్ డబ్బా అందించడం, వాపు, ఎరుపు, తడి కనిపిస్తే వెంటనే నర్సుకి చెప్పడం. సూది, మందు, సెలైన్ బాటిల్ మార్చడం, డ్రిప్ స్పీడు ముట్టుకోవడం లేవు. నరం చూపించమని నర్సు అడిగితే చూపించవచ్చు. ఆ చివరి లైను అతని కోసమే పెట్టాను, కమిటీలో ఒకరిద్దరు ముఖం చిట్లించారు గానీ ఉంచేశారు. బ్రదర్ అనే పిలుపు వల్ల పేషెంట్లు అతన్ని నర్సే అనుకుంటున్నారు కాబట్టి యూనిఫాం రంగు వేరు చేశారు. టీకా మొదటి డోసు ఆసుపత్రి ఖర్చుతోనే వేయించారు.

అతన్ని తీసేయాలని మొదట్లో ఒక మాట వచ్చింది. ఒప్పుకోలేదు. సర్క్యులర్ ఇచ్చింది ఎవరు, పిలిచింది ఎవరు, అతను చేసింది ఏమిటి అని వరుసగా రాసి ఇచ్చాను. నర్సుకి లిఖితపూర్వక హెచ్చరిక ఇచ్చారు. సర్క్యులర్ మీద సంతకం పెట్టిన అధికారికి కూడా అదే ఇవ్వాలని రిపోర్టులో రాశాను, అది జరిగినట్టు నాకు కాగితం రాలేదు.

పేషెంటుకి మోచేతి దగ్గర ఫిస్టులా చేశారు, పనిచేస్తోంది. లైన్ నర్సు పద్ధతి కూడా నడుస్తోంది. కాకపోతే ఆమె సెలవు పెట్టిన రాత్రి బదులు ఎవరన్నది ఇంకా తేలలేదు. వార్డులో రాత్రి నర్సులు ఇప్పటికీ ఇద్దరే. డెంగీ సీజన్‌లోపు మూడో నర్సుని వేయకపోతే ఈ ఏర్పాటు నిలవదని రిపోర్టు చివర రాసి, రివ్యూ కోసం జూలై నెల అడిగాను. మేనేజ్‌మెంట్ సెప్టెంబరు అంటోంది.